చిన్న పందెమే పెద్ద మెట్టు

‘వంద రూపాయల ఆటే కదా డాక్టరు గారూ, సినిమాకెళ్తే అంతకంటే ఎక్కువే అవుతుంది!’ ఆన్‌లైన్ పేకాట గురించి అడిగితే ఓపీలో తరచూ వినిపించే జవాబిది. లెక్క తప్పేమీ కాదు. నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్సుకు వెళ్లొస్తే వెయ్యి రూపాయలు దాటుతోంది. కానీ సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. అదే సినిమాను అదే రాత్రి నాలుగుసార్లు చూడం. నిన్నటి టికెట్టు డబ్బుల్ని ఇవాళ్టి సినిమాతో రాబట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. చిన్న పందెం విషయంలో మన కుటుంబాలు ఆలోచించాల్సింది ఈ తేడా గురించే.

లక్షలు పోగొట్టుకున్నవాళ్ల కథలు పేపర్లలో చదివి ‘మనవాడు అలాంటివాడు కాదులే’ అనుకుంటాం. ఆ కథలను వెనక్కి తిప్పి చదివితే మొదటి పేజీలు చాలావరకు ఒకేలా ఉంటాయి. కొన్ని నెలలు ఉచిత చిప్స్‌తో కాలక్షేపం. తర్వాత యాభైకో, వందకో చిన్న టేబుల్. వంద నుంచి వెయ్యికి, వెయ్యి నుంచి అప్పుకు వెళ్లడం ఆ తర్వాతి సంగతి. అసలైన మెట్టు సున్నా నుంచి వందకు ఎక్కేటప్పుడే దాటేస్తారు. అప్పుడది మెట్టులా కనిపించదు. జాగ్రత్తలా, క్రమశిక్షణలా కనిపిస్తుంది. అందుకే దాని గురించి మాట్లాడుకోవాలి.

చట్టం సంగతి ముందు చెప్పుకొందాం. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కేంద్రం 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. డబ్బుతో ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలిచ్చేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఆడేవారిని మాత్రం నేరస్థులుగా చూడలేదు, బాధితులుగానే చూసింది. ఇది మంచి మాట. భయపడకుండా వైద్యుల దగ్గరకు రావచ్చు. అయితే పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేసినంత మాత్రాన కోరిక ఆగిపోదు. విదేశాల నుంచి నడిచే సైట్లున్నాయి. ఫోన్ గ్రూపుల్లో నడిచే ప్రైవేటు టేబుళ్లున్నాయి. అక్కడ మోసం జరిగితే అడిగే దిక్కుండదు. ఉచిత చిప్స్ ఆటలు ఎలాగూ ఉన్నాయి. విదేశాల్లో ఉన్న మన పిల్లల సంగతి వేరు. అమెరికాలోని న్యూజెర్సీ, నెవాడా, పెన్సిల్వేనియా, మిషిగన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే.

ఉచిత చిప్స్ నేర్పే తప్పుడు పాఠం

పోకర్ తెలియనివారికి రెండు మాటల్లో. ఎక్కువమంది ఆడే రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో ఐదు ముక్కలు తెరిచి పరుస్తారు. చేతిలోవి, మధ్యలోవి కలిపి ఐదు ముక్కల మంచి కూర్పు ఎవరికి కుదిరితే వారిది గెలుపు. మధ్యమధ్యలో పందెం పెంచవచ్చు, వద్దనుకుంటే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

ఉచిత చిప్స్ టేబుల్ దగ్గర ఎవరూ తప్పుకోరు. పోయేదేమీ లేదు కనుక చెత్త ముక్కలతోనూ ఉన్నదంతా పందెం కాస్తారు. అలాంటిచోట కాస్త ఓపిగ్గా కూర్చుని మంచి ముక్కలొచ్చినప్పుడే ఆడేవారు సులువుగా గెలుస్తారు. నాలుగు నెలలు ఇలా గెలిస్తే ‘ఆట నాకు పట్టుబడింది’ అన్న నమ్మకం కుదురుతుంది. నిజానికి పట్టుబడింది ఆట కాదు, ఎదుటివాళ్ల అజాగ్రత్తను సొమ్ము చేసుకోవడం. ఆ అజాగ్రత్త డబ్బు టేబుల్ దగ్గర అంతగా దొరకదు.

ఆ నమ్మకంతో తర్వాత చేరేది సాధారణంగా ‘సింగిల్ టేబుల్ టోర్నమెంట్’లోనే. తొమ్మిది మంది చేరగానే ఆట మొదలవుతుంది. ప్రవేశ రుసుము ముందే కట్టాలి. చేతిలోని చిప్స్ అయిపోతే బయటకు వచ్చేయాలి. ఎంత పోతుందో ముందే తెలుసు, అంతకు మించి ఒక్క రూపాయి పోదు. మధ్యతరగతి మనసుకు ఇది ఎంతో నచ్చుతుంది. ‘నేను హద్దులో ఉన్నాను’ అన్న తృప్తి ఇస్తుంది. ఇక్కడే పొరపాటు. హద్దు ఉన్నది ఒక్క ఆటకు. ఎన్ని ఆటలు ఆడాలన్న దానికి హద్దు లేదు. ఆట అయిపోగానే తెరమీద అదే టేబుల్, అదే రుసుము, ‘మళ్లీ ఆడండి’ అన్న మీట సిద్ధంగా ఉంటాయి.

కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రవేశానికి 100 రూపాయలు, నిర్వాహకుడి రుసుము 10 రూపాయలు, మొత్తం 110. తొమ్మిది మంది చేరితే బహుమతుల సొమ్ము 900. ఇందులో మొదటి స్థానానికి సగం, అంటే 450. రెండో స్థానానికి 270, మూడో స్థానానికి 180. మిగతా ఆరుగురికీ సున్నా. ఇలాంటి టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపించే పంపకమిదే.

తొమ్మిది మందీ సమాన నైపుణ్యం ఉన్నవారనుకుందాం. ఒక్కొక్కరూ సగటున కట్టేది 110, పొందేది 100. ఆటకు పది రూపాయల నష్టం. చిన్నదే. రాత్రికి నాలుగు ఆటల చొప్పున నెలకు 120 ఆటలు. కట్టింది 13,200, సగటున వచ్చింది 12,000. అంటే ఏ తప్పూ చేయని సగటు ఆటగాడికే నెలకు 1,200 నష్టం. అతడు సగటు కంటే కాస్త వెనకబడి, మూడింట ఒకసారి కాకుండా నాలుగింట ఒకసారే బహుమతి దాకా వెళ్లాడనుకోండి. బహుమతి సగటున 300. అప్పుడు 30 సార్లు గెలిచి 9,000 తెచ్చుకుంటాడు. నష్టం 4,200 అవుతుంది. చాలా ఇళ్లలో నెల కిరాణా ఖర్చులో ఇది పెద్ద భాగమే. ఈ 4,200 ఒక్కసారిగా పోతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. నూట పదుల చొప్పున, మధ్యమధ్యలో నాలుగొందల యాభైలు వస్తూ పోతే ఆడేవాడికే తెలియదు. పోయినవి లెక్కలో ఉండవు, వచ్చినవి స్క్రీన్‌షాట్లుగా ఫోన్‌లో ఉంటాయి.

‘నాకు నైపుణ్యం ఉంది’ అనేవారికి ఇంకో లెక్క. పైన చెప్పిన ఆటలో లాభనష్టాలు లేకుండా బయటపడాలన్నా నూటికి 33 సార్లు కాదు, సుమారు 37 సార్లు మొదటి మూడు స్థానాల్లో నిలవాలి. అంతా సమానంగా ఆడేవాళ్లే అయినా నూరు ఆటల తర్వాత చూస్తే దాదాపు నలుగురిలో ఒకరు లాభంలో కనిపిస్తారు. అది ఉత్త అదృష్టం. ఆ ఒక్కరికీ తన గెలుపు నైపుణ్యంలాగే అనిపిస్తుంది. అలాంటివారిలో వెయ్యి ఆటల తర్వాత కూడా లాభంలో ఉండేవారు నూటికి ఇద్దరు. కానీ పై మెట్టుకు వెళదామా అన్న నిర్ణయం వెయ్యి ఆటల తర్వాత ఎవరూ తీసుకోరు. మొదటి నెల లాభం చూసే తీసుకుంటారు.

పోకర్‌లో నైపుణ్యం లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఉంది. ముక్కల సంభావ్యతలు లెక్కగట్టి, ఎదుటివారి తీరు గమనించి ఆడేవారు దీర్ఘకాలంలో మిగతావారి కంటే మెరుగ్గా ఉంటారు. రమ్మీ విషయంలోనూ సుప్రీంకోర్టు 1960ల చివర్లోనే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, అది ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆటేనంది. అయితే సింగిల్ టేబుల్ టోర్నమెంట్‌లో కొన్ని నిమిషాలకోసారి తప్పనిసరి పందెం పెరుగుతుంది. చివరికొచ్చేసరికి ఓపికపట్టే వీలుండదు. ఒక మోస్తరు ముక్కలొచ్చినా ఉన్నదంతా కాసేయాల్సిందే. అప్పుడు అదృష్టం వాటా పెరుగుతుంది. చేతిలో రెండు ఆసులున్నా సరే, ఎదుటి వ్యక్తి ఏవో రెండు ముక్కలతో చివరిదాకా వస్తే, దాదాపు ఏడింట ఒకసారి ఓడిపోతారు. ఇక లాభపడ్డా మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపుపై 30% పన్నును ముందే కోసే నిబంధన వచ్చింది.

2003లో అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ వంద డాలర్ల లోపు ఆన్‌లైన్ టోర్నీ గెలిచి, ఆ దారిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ ఏడాది ఆ పోటీలో దిగినవారు 839 మంది. మరుసటి ఏడాది 2,576 మంది. చిన్న రుసుముతో పెద్ద గెలుపు అన్న ఒక్క ఉదాహరణకు ఉన్న శక్తి అది. అతనితోపాటు ఆడిన మిగతా 838 మంది పేర్లు ఎందరికి గుర్తున్నాయి?

మెదడులో జరిగేది

ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి, కచ్చితంగా దొరికే బహుమతి కంటే గట్టిగా పట్టేస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా, ఎప్పుడో ఒకసారి గింజలు పడేలా చేస్తే అవి ఆగకుండా పొడుస్తూనే ఉన్నాయి. గింజలు ఆపేసినా చాలాసేపు మానలేదు. మన మెదడులోని డోపమిన్ వ్యవస్థ కూడా ఇలాంటి అనిశ్చితికే ఎక్కువగా స్పందిస్తుంది.

‘కొద్దిలో తప్పిపోవడం’ దీనికి తోడవుతుంది. తొమ్మిది మందిలో మూడో స్థానం దాకా బహుమతి ఉన్నప్పుడు నాలుగో స్థానంలో వెనుదిరిగితే ఎలా ఉంటుంది? లెక్కప్రకారం తొమ్మిదో స్థానానికీ దానికీ తేడా లేదు, రెండూ సున్నాయే. కానీ మెదడు అలా చూడదు. కొద్దిలో తప్పిన ఓటమికి, గెలుపుకు స్పందించే మెదడు భాగాలే ఉత్తేజితమవుతాయని స్కానింగ్ అధ్యయనాలు చూపాయి. ‘ఇంకొక్క ఆట’ అనిపించేది అందుకే. ఈ టోర్నమెంట్లో ఆట ఆటకూ ఎవరో ఒకరు నాలుగో స్థానంలో నిలవాల్సిందే.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో జూద వ్యసనాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలోనూ ఇది వ్యసన ప్రవర్తనల కిందే ఉంది. ఆన్‌లైన్‌లో ఆడినా, బయట ఆడినా జబ్బు ఒకటే. ఇక్కడ వైద్యశాస్త్రం అడిగే ప్రశ్న ‘నైపుణ్యమా, అదృష్టమా’ అని కాదు. ‘ఆపాలనుకున్నప్పుడు ఆపగలుగుతున్నారా?’ అని మాత్రమే.

చిన్న పందెం ఆడేవారందరూ వ్యసనపరులవుతారని కాదు. చాలామంది కొన్నాళ్లు ఆడి మానేస్తారు. కానీ ఎవరు మానేస్తారో, ఎవరు చిక్కుకుంటారో ముందే చెప్పే రక్తపరీక్ష లేదు. కుంగుబాటు, ఆందోళన, మద్యం అలవాటు, చిన్న వయసు, ఇంట్లో మరొకరికి జూదం అలవాటు ఉండటం... ఇవి ముప్పును పెంచుతాయి. మొదట్లోనే ఒక పెద్ద గెలుపు తగలడం కూడా అంతే.

ఇక్కడ ఒక మందుల సంగతి చెప్పాలి. పార్కిన్సన్స్ జబ్బుకు, కొందరికి కాళ్ల చికాకుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమిన్‌ను అనుకరిస్తాయి. వీటితో కొద్దిమందిలో జూదం, విపరీతంగా కొనుగోళ్లు చేయడం వంటి అదుపులేని కోరికలు పుట్టుకొస్తాయి. అరిపిప్రజోల్ అనే మానసిక వైద్య ఔషధంతోనూ అరుదుగా ఇలా కావచ్చు. జీవితంలో పేకముక్క పట్టని పెద్దాయన ఉన్నట్టుండి ఫోన్‌లో పందేలు కాస్తుంటే ‘ముసలితనంలో ఇదేం బుద్ధి’ అని తిట్టకండి. మందుల చీటీ పట్టుకుని వైద్యుణ్ని కలవండి. మోతాదు తగ్గిస్తే లేదా మందు మారిస్తే చాలామందిలో ఆ కోరిక తగ్గిపోతుంది. సొంతంగా మాత్రం మందు ఆపొద్దు, అది ప్రమాదకరం.

పండగ పేకాటకూ ఫోన్ పేకాటకూ తేడా

‘సంక్రాంతికి మన ఊళ్లో అందరం ఆడేదేగా’ అంటారు. నిజమే. కానీ ఆ ఆటకు తెలియకుండానే కొన్ని హద్దులుండేవి. జేబులో డబ్బులైపోతే లేవాల్సిందే. ఎదురుగా బావో, బాబాయో ఉంటారు, మొహం చూసి ‘చాల్లే, ఇక లే’ అంటారు. ‘అన్నాలకు లేవండి’ అని లోపలి నుంచి కేక వస్తుంది. కనుమ వెళ్లగానే బస్సెక్కాలి. ఫోన్‌లో ఈ నాలుగూ లేవు. జేబు ఖాళీ అవదు, యూపీఐ ఉంది. అది అయిపోతే క్రెడిట్ కార్డు, ఆపై లోన్ యాప్. ఎదుటివారి మొహం కనిపించదు. మన మొహం వాళ్లకు కనిపించదు. దుప్పటి కప్పుకొని ఆడితే పక్కనున్న భార్యకూ తెలియదు. పండగా అయిపోదు.

శరీరం ఈ సంగతి ముందే చెబుతుంది. ఒక్క టేబుల్ ఆట పూర్తయ్యేందుకు అరగంట నుంచి గంట పడుతుంది. రాత్రి పదిన్నరకు మొదలుపెట్టి నాలుగు ఆటలాడితే అర్ధరాత్రి దాటుతుంది, కొన్నిసార్లు రెండవుతుంది. ఓడినా గెలిచినా అడ్రినలిన్ దిగేదాకా నిద్ర పట్టదు. ఐదారు గంటల నిద్ర నెలల తరబడి సాగితే రక్తపోటు పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, మధుమేహం అదుపు తప్పుతుంది. మెలకువ కోసం టీలు, సిగరెట్లు పెరుగుతాయి. మేం మందు మోతాదు పెంచుతూ పోతాం. సిగరెట్టు గురించి, మద్యం గురించి అడుగుతాం. పేకాట గురించి అడగం. తోటి వైద్యులకూ నా విన్నపం ఇదే. అదుపులోకి రాని బీపీ, షుగర్, నిద్రలేమి, తలనొప్పితో వచ్చిన పాతికేళ్ల నుంచి యాభై ఏళ్ల వారిని ‘రాత్రుళ్లు ఫోన్‌లో ఏం చేస్తుంటారు? డబ్బు పెట్టి ఏమైనా ఆడతారా?’ అని ఒక్క మాట అడగండి. దీనికి అర నిమిషం చాలు.

రెండే ప్రశ్నలు

పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. తొలి అంచనాకు వైద్యులు వాడే రెండు ప్రశ్నలను ఎవరికి వారే వేసుకోవచ్చు. ఒకటి: పందెం మొత్తం పెంచుతూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? రెండు: ఎంత ఆడుతున్నారో మీకు ముఖ్యమైనవారి దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి ‘అవును’ అన్నా వైద్యులతో మాట్లాడటం మంచిది. రెండో ప్రశ్న మరీ ముఖ్యం. వంద రూపాయల ఆటను దాచాల్సి వస్తోందంటే, దాచేది వంద రూపాయల్ని కాదు.

పోయిన చోటే వెతుక్కోవాలని మనవాళ్లంటారు. ఉంగరం పోతే అది మంచి సలహా. పందెంలో పోయిన డబ్బుకు అంతకంటే చెడ్డ సలహా లేదు. నిన్న పోయింది ఇవాళ రాబట్టాలని కూర్చోవడం ఈ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటి. ఆడనప్పుడు చిరాకు, తగ్గిద్దామనుకుని తగ్గించలేకపోవడం, బాధగా ఉన్నప్పుడల్లా ఆటకు పరుగెత్తడం, చదువో ఉద్యోగమో దెబ్బతినడం, డబ్బుకు ఇతరుల మీద ఆధారపడటం మరికొన్ని. ఏడాది కాలంలో ఇలాంటి తొమ్మిది లక్షణాల్లో నాలుగు కనిపిస్తే జూద వ్యసనంగా నిర్ధారిస్తారు. ఇందులో ఎక్కడా ‘ఇన్ని లక్షలు పోవాలి’ అన్న నియమం లేదు. చిన్న టేబుళ్ల దగ్గరే ఆడుతూ కూడా ఈ జబ్బు రావచ్చు.

కుటుంబం ఏం చేయాలి?

ఓడిపోయిన రాత్రి గొడవ పెట్టుకోవద్దు. మర్నాడు తీరిగ్గా కూర్చోండి. ‘ఎంత పోయింది?’ అనడం కంటే ‘రోజుకు ఎన్ని ఆటలు, ఎన్నింటిదాకా?’ అని అడగండి. పందెం ఎంతన్నది దాచడం తేలిక. ఆటల సంఖ్య, గడిచిన గంటలు దాచడం కష్టం. బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని మూడు నెలల మొత్తం కూడి చూపించండి. తిట్ల కంటే ఆ కూడిక బాగా పనిచేస్తుంది.

అప్పులన్నీ ఒక కాగితం మీదకు రావాలి. కార్డులు, లోన్ యాప్‌లు, తాకట్టు బంగారం, స్నేహితుల దగ్గరి చేబదుళ్లు. ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ నుంచి ఏడాదికోసారి ఉచితంగా పూర్తి నివేదిక తీసుకోవచ్చు. దాచిన రుణాలు అందులో కనిపిస్తాయి.

అప్పంతా ఒకేసారి తీర్చేసి ‘ఇక బుద్ధిగా ఉండు’ అనడం మన తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పని. దీంతో జబ్బు తగ్గదు. మహాభారతంలో ధృతరాష్ట్రుడు పోయిందంతా తిరిగి ఇచ్చేశాక కూడా మళ్లీ పిలవగానే ధర్మరాజు వెళ్లి పాచికల ముందు కూర్చున్నాడు. అప్పు తీర్చాలంటే వాయిదాల్లో, నేరుగా ఇచ్చినవారికే కట్టండి. అతని చేతికి డబ్బివ్వద్దు. చికిత్స మొదలుపెట్టడం దానికి షరతుగా ఉండాలి.

అతని అంగీకారంతోనే కొన్ని నెలలు జీతం ఖాతా మరొకరి చూపులో ఉంచండి. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి. క్రెడిట్ కార్డు పక్కన పెట్టండి. డబ్బు ఆటలతోపాటు ఉచిత చిప్స్ ఆటలూ ఫోన్ నుంచి తీసేయండి. మానుకుంటున్నవారికి అవి ‘ఊరికే’ ఆడేవి కావు, తిరిగి వెళ్లే దారులు. రాత్రి పదిన్నర తర్వాత ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలన్న నియమం ఇంటిల్లిపాదికీ పెట్టండి. అతనొక్కడికే పెడితే శిక్షలా ఉంటుంది.

చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇందులో ప్రధానం. ‘ఈసారి తప్పక వస్తుంది’ వంటి తప్పుడు ఆలోచనల్ని గుర్తుపట్టడం, కోరిక పుట్టినప్పుడు దాన్ని దాటే పద్ధతులు ఇందులో నేర్పుతారు. కోరిక కొన్ని నిమిషాలు ఉధృతంగా ఉండి తగ్గుతుందని అనుభవంలోకి వస్తే సగం పని అయినట్టే. కుంగుబాటు, ఆందోళన తోడుంటే వాటికి మందులిస్తారు. కొందరికి నాల్ట్రెక్సోన్ వంటి మందు ఉపయోగపడుతుంది. మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో సాంకేతిక వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ ఉంది.

ఇది మాత్రం వాయిదా వేయొద్దు. అప్పులపాలైన జూద వ్యసనపరుల్లో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. ‘నేను లేకపోతే మీకే బాగుంటుంది’ అన్న మాట విన్నా, ఉన్నట్టుండి మౌనంగా మారిపోయినా, వస్తువులు పంచిపెడుతున్నా ఒంటరిగా వదలకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అప్పటిదాకా మోసిన బరువు దిగుతుంది. టెలిమానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. లోన్ యాప్‌ల వేధింపులు, ఆన్‌లైన్ మోసాలుంటే 1930కు ఫిర్యాదు చేయండి. పోయిన డబ్బు ఎంతైనా ప్రాణం కంటే ఎక్కువ కాదన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు పైకి అనాలి.

ఇంకా ఉచిత చిప్స్ దగ్గరే ఉన్నవారితో చివరి మాట. ఆట ఇష్టమైతే అక్కడే ఆగండి, దానికీ సమయం పెట్టుకోండి. ‘ఇంత బాగా ఆడుతున్నా కదా, చిన్న టేబుల్ ఒకటి చూద్దాం’ అని ఎప్పుడైనా అనిపిస్తే, ఆ ఆలోచనను వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే మీకు జవాబు దొరికినట్టే.